పేసర్ రివ్యూ: పేజీకి 10 సెంట్లకు షాన్ కోంబ్స్ కేసు ఫైలు

అమెరికా ఫెడరల్ కోర్టుల్లో దాఖలయ్యే కాగితాలను ఇంట్లో కూర్చుని చదువుకోవడానికి కోర్టులే నడుపుతున్న సర్వీసు పేసర్. 1988లో మొదలైంది. పేజీకి 10 సెంట్లు. ఒక డాక్యుమెంటు ఎంత లావున్నా 3 డాలర్లు దాటదు, అంటే 30 పేజీల తర్వాత మిగతావాటికి చార్జీ లేదు. మూడు నెలల్లో మీ వాడకం మొత్తం 30 డాలర్లలోపే ఉంటే అసలు బిల్లే రాదు. ఈ చివరి ముక్క చాలామందికి తెలియదు. తెలియక, రిజిస్ట్రేషన్ పేజీలో కార్డు వివరాలు అడగ్గానే "మనకెందుకొచ్చిన గొడవ" అని బయటికి వచ్చేస్తారు.

నేను దీన్ని చెప్పుకోదగ్గంతగా వాడింది ఒక్క మనిషి కోసం. షాన్ కోంబ్స్. పఫ్ డాడీ అన్నా, డిడ్డీ అన్నా అతనే. 1993లో బ్యాడ్ బాయ్ అనే రికార్డు కంపెనీ పెట్టి, నొటోరియస్ బి.ఐ.జి. లాంటివాళ్ళను పైకి తెచ్చి, తర్వాత బట్టలు, వోడ్కా, టీవీ చానల్ దాకా విస్తరించిన హిప్ హాప్ వ్యాపారి. అతని పాటలు నాకు పెద్దగా ఎక్కవు. కానీ కేసు కాగితాలంటే నాకు వల్లమాలిన ఇష్టం. నా సర్వీసంతా జిల్లా కోర్టు ఆఫీసుల్లో గడిచింది. రిటైరయ్యే నాటికి కాపీయింగ్ సెక్షన్ సూపరింటెండెంట్‌ని. ఇప్పుడు న్యూజెర్సీలో అమ్మాయి, అల్లుడుగారి దగ్గర ఉంటున్నాం. కోంబ్స్ మీద ముఠా కుట్ర, లైంగిక నేరాల ఫెడరల్ కేసు విచారణ జరిగింది 2025లో. ఇంట్లో మా మనవరాలు ఆ మే, జూన్ నెలల్లో రోజూ యూట్యూబ్‌లో ఈ కేసు చూసేది.

"తాతయ్యా, యావజ్జీవం ఖాయమంట."

"ఎవరమ్మా అన్నది?"

"అందరూ అంటున్నారు."

ఆ అందరిలో కోర్టు హాల్లో కూర్చున్నవాళ్ళు ఎందరో చూడబోతే ఎవరూ లేరు. ఫెడరల్ క్రిమినల్ కోర్టుల్లో కెమెరాలు నిషేధం, దానికి ఏకంగా రూలే ఉంది, నంబరు 53. లోపల కూర్చుని బొమ్మలు గీసే ఆర్టిస్టులు ఇచ్చేవి తప్ప మనకి విచారణ దృశ్యాలు లేవు. విలేకర్లు బయటికొచ్చి చెప్పినదానికి చిలవలు పలవలు చేర్చి గంటల తరబడి వీడియోలు చేశారు. అలాంటి చోట రికార్డు చూడకుండా మాట్లాడటం నా వల్ల కాదు. పేసర్‌లో ఖాతా తెరిచాను.

మొదట వెతకాల్సింది క్రిమినల్ కేసు కాదు. న్యూయార్క్ సదరన్ డిస్ట్రిక్ట్ కోర్టులో 2023 నవంబర్ 16న వేసిన సివిల్ దావా. వేసింది క్యాసీ వెంచురా, కోంబ్స్ కంపెనీ నుంచే ఆల్బమ్ తెచ్చిన గాయని, ఏళ్ళ తరబడి అతనితో ఉన్న మనిషి. ఫిర్యాదు 35 పేజీలు. పేసర్ రేటు ప్రకారం 3 డాలర్లు. పాత లైంగిక దాడుల మీద కాలపరిమితి దాటినా దావా వేసుకునేందుకు న్యూయార్క్ రాష్ట్రం ఒక ఏడాది తెరిచి ఉంచిన గడువు ఇంకో వారంలో మూసుకుపోతుందనగా వేశారు. మర్నాడే రాజీ అయింది. ఎంతకి అన్నది అప్పుడు బయటికి రాలేదు. 2 కోట్ల డాలర్లు అని ఏడాదిన్నర తర్వాత ఆవిడే బోనులో చెప్పారు.

దావాలో రాజీ అయ్యాక ఫైలులో పెద్దగా ఏమీ ఉండదు. ఈ డాకెట్, అంటే కేసులో దాఖలైన కాగితాల జాబితా, కూడా అంతే, బక్కపల్చగా ఉంటుంది. కానీ ఆ మొదటి డాక్యుమెంటు మాత్రం కోర్టు రికార్డులో అలాగే ఉండిపోయింది. డబ్బిచ్చి కేసు మాన్పించవచ్చు కానీ దాఖలైన కాగితాన్ని వెనక్కి తీసుకెళ్ళలేరు. ఆ తర్వాత జరిగిందంతా తేదీల వారీగా పేర్చుకుంటూ పోతే ఆ 35 పేజీల బలం తెలుస్తుంది. 2023 నవంబర్ ముగిసేలోపే కోంబ్స్ తన టీవీ చానల్ రివోల్ట్ చైర్మన్ పదవి నుంచి తప్పుకున్నాడు. 2024 జనవరిలో డియాజియో అనే మద్యం కంపెనీతో వోడ్కా, టెకీలా బంధం తెగింది. మార్చి 25న లాస్ ఏంజెలెస్, మయామి ఇళ్ళ మీద ఫెడరల్ ఏజెంట్ల సోదాలు. మే 17న సీఎన్ఎన్ ఒక హోటల్ సీసీ టీవీ వీడియో బయటపెట్టింది, 2016 మార్చిలో కారిడార్లో క్యాసీని అతను ఈడ్చి తన్నిన వీడియో. జూన్‌లో హోవర్డ్ యూనివర్సిటీ గౌరవ డిగ్రీ వెనక్కి తీసుకుంది. 2023 సెప్టెంబర్‌లో టైమ్స్ స్క్వేర్ దగ్గర మేయర్ చేతుల మీదుగా అందుకున్న న్యూయార్క్ నగర తాళంచెవిని ఏడాది తిరక్కుండానే తిరిగి పంపాల్సి వచ్చింది. ఇదంతా అరెస్టుకి ముందే. క్రిమినల్ కోర్టు గడప తొక్కకముందే మనిషి వ్యాపారంలో సగం ఖాళీ అయిపోయాడు.

ఆ హోటల్ వీడియో మీద ఒక చిన్న మాట. అది చూసి అందరూ "ఇంకేం, దొరికిపోయాడు" అన్నారు. లాస్ ఏంజెలెస్ జిల్లా ప్రాసిక్యూటర్ మాత్రం ఆ దాడికి కేసు పెట్టే గడువు దాటిపోయిందని అప్పుడే చెప్పేశారు. లిమిటేషన్ దెబ్బ ఎలాంటిదో మా సెక్షన్లో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు.

ఇక అసలు ఫైలు. నంబరు 24-సీఆర్-542. 2024 సెప్టెంబర్ 16 రాత్రి మన్‌హాటన్ హోటల్లో అరెస్టు, 17న అభియోగ పత్రం తెరిచారు. 14 పేజీలు, 1 డాలరు 40 సెంట్లు. ఈ సర్వీసులో నా డబ్బుకి పూర్తి విలువ ఇచ్చిన కాగితం ఏదైనా ఉందంటే ఇదే. యూట్యూబ్ జనం ఇందులోంచి తీసుకున్నది ఒక్క బేబీ ఆయిల్ సంగతి. సోదాల్లో వెయ్యికి పైగా బేబీ ఆయిల్, లూబ్రికెంట్ సీసాలు దొరికాయన్నది ఆ కాగితంలో నిజంగానే ఉంది. ఒక్క వాక్యం. దాని పక్కనే సీరియల్ నంబర్లు చెరిపేసిన ఏఆర్-15 తుపాకుల సంగతీ ఉంది. దాని మీద జోకులేసినవాళ్ళు లేరు.

నన్ను ఆపేసింది మొదటి పేజీలు. కోంబ్స్ తన సంస్థలన్నిటినీ, మనుషులనీ కలిపి నేరాలకు వాడుకున్న ఒక ముఠాగా నడిపాడని ప్రభుత్వం వాదన. దాన్ని నిలబెట్టడానికి ముందు ఆ సంస్థల జాబితా ఇచ్చారు. రికార్డు కంపెనీలు, రికార్డింగ్ స్టూడియో, దుస్తుల బ్రాండు, మద్యం వ్యాపారం, మార్కెటింగ్ ఏజెన్సీ, టీవీ చానల్. పత్రికలు పాతికేళ్ళుగా అతన్ని మెచ్చుకోవడానికి వాడిన జాబితా అక్షరం పొల్లుపోకుండా ఇదే. అసిస్టెంట్లు హోటల్ గదులు బుక్ చేయడం, నగదు తెచ్చివ్వడం, తర్వాత గది శుభ్రం చేయించడం వంటివన్నీ ఆ వ్యవస్థ పనులుగా చూపించారు. ముప్పై ఏళ్ళుగా కష్టపడి కట్టుకున్నదాన్నే అతని మీద సాక్ష్యంగా నిలబెట్టారు. రాసినవాడెవరో గట్టివాడు అనుకున్నాను. ఇక్కడే ఒక మాట స్పష్టంగా చెప్పాలి: ఈ ముఠా అభియోగాన్ని జ్యూరీ చివరికి ఒప్పుకోలేదు.

కాగితాల నాణ్యత గురించి చెప్పాలి, ఇది రివ్యూ కాబట్టి. ప్రతి పేజీ నెత్తిన కేసు నంబరు, డాక్యుమెంటు నంబరు, దాఖలు తేదీ, మొత్తంలో ఎన్నో పేజీ అన్నది ఒక వరసలో ముద్ర పడి ఉంటుంది. ఇంత శుభ్రమైన పేజీ నంబరింగ్ నా సర్వీసులో నేను చూడలేదు. మా దగ్గర కాపీ అప్లికేషన్ వేసి, స్టాంపులు అడిగిన రోజు దాకా నోటీసు బోర్డు చూసుకుంటూ, తీరా కాపీ చేతికొచ్చాక నాలుగో పేజీ లేదని మళ్ళీ వచ్చేవాళ్ళు. ఇక్కడ పొద్దున జడ్జి సంతకం పెట్టిన ఉత్తర్వు మధ్యాహ్నానికి చదవొచ్చు.

లాయర్లు జడ్జికి రాసే ఉత్తరాలు ఇంకో విందు. సదరన్ డిస్ట్రిక్ట్‌లో చిన్న చిన్న విషయాలకు పిటిషన్ కాకుండా ఉత్తరం రాస్తారు. ఒక్కోసారి జడ్జి వేరే ఉత్తర్వు రాయకుండా ఆ ఉత్తరం మీదే "అలాగే కానివ్వండి" అన్న అర్థంలో రెండు ముక్కలు రాసి సంతకం చేస్తారు. ప్రాసిక్యూషన్ ఒక ఉత్తరం, డిఫెన్స్ దానికి జవాబు, జడ్జి ఎండార్స్‌మెంటు. వరసగా చదువుతుంటే సీరియల్ చూసినంత పట్టు ఉంటుంది. ఈ కేసు విన్న జడ్జి పేరు అరుణ్ సుబ్రమణియన్. తల్లిదండ్రులు ఇండియా నుంచి వలస వచ్చినవాళ్ళు. 2023లో ఆ బెంచి మీద కూర్చున్న మొదటి దక్షిణాసియా జడ్జి. పేరు చూడగానే మా ఇంట్లో అందరికీ కేసు మీద ఆసక్తి రెట్టింపైందని వేరే చెప్పక్కర్లేదు.

బెయిల్ కాగితాలు తప్పకుండా చదవండి. 5 కోట్ల డాలర్ల పూచీకత్తు ఇస్తామన్నారు. మేజిస్ట్రేట్ కాదన్నారు, మర్నాడు ఇంకో జడ్జి కాదన్నారు, నవంబర్‌లో సుబ్రమణియన్ గారూ కాదన్నారు. డబ్బు చాలక కాదు. బయటికొస్తే సాక్షులను కదుపుతాడన్న భయం. బ్రూక్లిన్ జైల్లో ఉండి కూడా ఇతర ఖైదీల ఫోన్ ఖాతాలు వాడుకుని, ముగ్గురు లైన్లో ఉండే కాల్స్ చేసి బయటివాళ్ళతో మాట్లాడాడని ప్రాసిక్యూషన్ రాసింది. అదే సమయంలో అతని జైలు గదిలో నోట్స్ ఫొటో తీసి ప్రాసిక్యూటర్లకు చేరవేశారని డిఫెన్స్ గోల చేసింది, వాళ్ళ దగ్గరున్న కాపీలు పారేయమని జడ్జి ప్రాసిక్యూటర్లను ఆదేశించారు. ఈ రెండో సంగతి మా మనవరాలు చూసే చానళ్ళలో రాలేదు. రికార్డు చదివితే ఇలా రెండు పక్షాల తప్పులూ కనబడతాయి. నాకు కావలసింది అదే.

ఇప్పుడు పేసర్ లోపాలు. ఉన్నాయి, గట్టివే.

ఒకటి, వెతికినందుకూ చార్జీ. ఫలితం ఏమీ రాకపోయినా ఒక పేజీ కింద 10 సెంట్లు లెక్క. డాకెట్ షీటు తెరిచిన ప్రతిసారీ మళ్ళీ లెక్క మొదలు. కోంబ్స్ కేసులో వందల ఎంట్రీలు. నిన్న చూశాం కదా అని ఇవాళ మొత్తం తెరిస్తే మళ్ళీ 3 డాలర్ల దాకా పోతుంది. కింద చివర రసీదు కనబడుతుంది, ఎన్ని పేజీలకి ఎంత అని. అప్పటికే పడిపోయింది కదా! దీనికి విరుగుడు తెరిచే ముందే ఉంది. ఫలానా తేదీ నుంచి, ఫలానా డాక్యుమెంటు నంబరు నుంచి అని గడులు ఇస్తారు. ఆఖరున చూసిన నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకుని అక్కణ్ణుంచి అడగండి.

రెండోది ఇంకా పెద్దది. సాక్షుల వాంగ్మూలాలు. రోజువారీ విచారణ ట్రాన్‌స్క్రిప్టు దాఖలైన 90 రోజుల దాకా కోర్టు రిపోర్టర్ దగ్గర కొనుక్కోవాలి, లేదా కోర్టుకి వెళ్ళి అక్కడి టెర్మినల్లో చూడాలి. ఆ తర్వాత పేసర్‌లోకి వస్తుంది కానీ 3 డాలర్ల పరిమితి దానికి వర్తించదు. 250 పేజీల రోజు ఒకటి తీస్తే 25 డాలర్లు. విచారణ ఏడు వారాలు నడిచింది. ప్రాసిక్యూషన్ తరఫున 34 మంది సాక్షులు, డిఫెన్స్ తరఫున ఒక్కరూ లేరు. మొత్తం చదవాలంటే వందల డాలర్లు. పేదవాడికి కాదు సరికదా, నాలాంటి పెన్షనర్‌కి కూడా అందనిది. క్యాసీ నిండు గర్భంతో నాలుగు రోజులు బోనులో నిలబడి చెప్పిన సాక్ష్యం నేను ఇక్కడ చదవలేదు, పేపర్లలో చదువుకున్నాను. ఎగ్జిబిట్లు కూడా చాలావరకు డాకెట్‌లో ఉండవు.

మూడోది పేసర్ తప్పు కాదు కానీ తెలియక తికమక పడతారు. ఇందులో ఫెడరల్ కోర్టులే ఉంటాయి. రాష్ట్ర కోర్టుల ఫైళ్ళు ఉండవు. డియాజియో మీద కోంబ్స్ వేసిన దావానే తీసుకోండి. 2023 మే చివర్లో, ఇంకా చీకటి కమ్మకముందు, తన బ్రాండును నల్లవాళ్ళ సరుకు అని ఓ మూల పెట్టేశారని అతనే వేశాడు. పదిహేనేళ్ళలో అతనికి దాదాపు వంద కోట్ల డాలర్లు ముట్టాయని కంపెనీ ఎదురు చెప్పింది. కెరీర్ పతనం అర్థం కావాలంటే ముఖ్యమైన ఫైలు అది. పేసర్‌లో వెతికితే దొరకదు. న్యూయార్క్ రాష్ట్ర కోర్టులకు వేరే సైటు ఉంది, అందులో చూడటం ఉచితం. పేజీకి డబ్బు తీసుకునే ఫెడరల్ సర్వీసు కన్నా ఊరికే ఇచ్చే రాష్ట్రం సైటే ఈ విషయంలో నయం.

హిప్ హాప్‌లో ఇలా కుప్పకూలిన మిగతా పెద్దలను చూద్దామని కూర్చుంటే ఫెడరల్, రాష్ట్ర కోర్టుల మధ్య ఈ గీత ఇంకా బాగా తెలిసింది. డెత్ రో అనే రికార్డు కంపెనీకి ఒకప్పటి అధిపతి షుగ్ నైట్ 2015 జనవరిలో కాంప్టన్‌లో కారుతో ఒకరిని తొక్కి చంపిన కేసు కాలిఫోర్నియా రాష్ట్రానిది. 2018లో 28 ఏళ్ళ శిక్ష పడింది. ఆ ఫైలు ఇక్కడ లేదు. కానీ అతను 2006 ఏప్రిల్‌లో వేసిన దివాలా ఫెడరల్ కోర్టుది, కాబట్టి ఆ పేజీ ఇక్కడే ఉంటుంది. లిడియా హ్యారిస్ అనే ఆవిడ తెచ్చుకున్న 10 కోట్ల 70 లక్షల డాలర్ల డిక్రీ కట్టలేక దివాలాకు వెళ్ళాడు. ఒక మనిషి జైలు సంగతి ఒక ప్రభుత్వం దగ్గర, అప్పు సంగతి ఇంకో ప్రభుత్వం దగ్గర.

మర్డర్ ఇంక్ అనే రికార్డు కంపెనీ పెట్టిన అర్వ్ గాటీ కేసు వేరే రకం. మాదకద్రవ్యాల డబ్బును కంపెనీలో కడిగాడని 2005 జనవరిలో అన్నదమ్ములిద్దరి మీదా ఫెడరల్ అభియోగం. డిసెంబర్‌లో ఇద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు. అయితే ఏం లాభం? ఆఫీసులో ఫెడరల్ సోదాలు జరిగిన 2003లోనే కంపెనీ పేరులోంచి మర్డర్ అన్న మాట తీసేసుకున్నారు, పెద్ద కంపెనీ అండ పోయింది, పాటల హవా పోయింది. 2025 ఫిబ్రవరిలో చనిపోయే దాకా మళ్ళీ ఆ స్థాయి రాలేదు. ఇంకా పాత కేసుల్లో చాలావాటికి ఎంట్రీల జాబితా తప్ప కాగితాల స్కాన్‌లు దొరకవు. ఫెడరల్ కోర్టులు ఎలక్ట్రానిక్ ఫైలింగ్‌కి మారింది చాలావరకు 2000 తర్వాతే, ఒక్కో కోర్టు ఒక్కో ఏడాది. అందుకని పాత కేసుల కోసం పేసర్ మీద ఆశ పెట్టుకోవద్దు.

కోంబ్స్ దగ్గరికి వస్తే, 2025 జులై 2న తీర్పు. ఐదు అభియోగాల్లో పెద్దవి మూడూ, అంటే ముఠా కుట్ర ఒకటి, బలవంతపు లైంగిక రవాణా రెండు, కొట్టేశారు. వ్యభిచారం కోసం మనుషులను రాష్ట్రాలు దాటించిన రెండు అభియోగాలు నిలబడ్డాయి. ఇది 1910 నాటి మాన్ చట్టం. ఒక్కోదానికి గరిష్ఠం పదేళ్ళు. యావజ్జీవం ఖాయమన్న చానళ్ళు మర్నాడు "గెలిచాడు" అన్నాయి. రెండూ తప్పే.

అసలు రసం శిక్షకు ముందు దాఖలైన రెండు మెమోల్లో ఉంది. పక్కపక్కన పెట్టుకుని చదవండి. డిఫెన్స్ 14 నెలలు మించవద్దంది. అప్పటికే ఏడాది లోపల ఉన్నాడు, అంటే దాదాపు ఇంటికి పంపేయమన్నట్టే. ప్రాసిక్యూషన్ కనీసం 135 నెలలు అడిగింది. ఒకే తీర్పు, ఒకే చట్టం, మధ్యలో పదేళ్ళ తేడా. జ్యూరీ కొట్టేసిన అభియోగాల సంగతులను శిక్ష లెక్కలోకి తీసుకోవచ్చా అన్నది తగువు. కొట్టేసిన నేరపు ప్రవర్తనను గైడ్‌లైన్ (ఎన్ని నెలలు వేయవచ్చో జడ్జికి సూచించే పట్టిక) లెక్కలోంచి తీసేయాలని 2024 నవంబర్ నుంచే కొత్త నియమం వచ్చింది. కానీ అదే కొట్టుడూ అదే బెదిరింపూ నిలబడ్డ నేరంలో కూడా భాగమైతే? ఇదీ ప్రశ్న. వాదన రెండువైపులా పదునుగా ఉంది. అక్టోబర్ 3న జడ్జి 50 నెలలు వేశారు, 5 లక్షల డాలర్ల జరిమానా, విడుదలయ్యాక ఐదేళ్ళ పర్యవేక్షణ. ఇదంతా ఇష్టపూర్వకమైన వ్యవహారమేనన్న డిఫెన్స్ మాటను ఆయన ఒప్పుకోలేదు. అప్పీలులో పట్టుకున్న కొమ్మ కూడా ఇదే తగువు. అప్పీలు సెకండ్ సర్క్యూట్ కోర్టులో ఉంటుంది. దాని డాకెట్ వేరు, పేసర్‌లో కోర్టు పేరు మార్చి వెతకాలి.

నా లెక్కలో ఈ సర్వీసుకి 5కి మూడున్నర. కాగితాల నాణ్యతకీ వేగానికీ ఐదు ఇస్తాను. చార్జీ దగ్గర కోసేశాను. ప్రజల డబ్బుతో నడిచే కోర్టు రాసిన కాగితానికి మళ్ళీ ప్రజల దగ్గర పేజీకింత అని వసూలు చేయడమేమిటి? ఇది నా ఒక్కడి బాధ కాదు. అవసరానికి మించి వసూలు చేసి ఆ డబ్బు వేరే ఖర్చులకు వాడారని 2016లో కొన్ని స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వం మీదే దావా వేశాయి. అప్పీలు కోర్టు కూడా కొన్ని ఖర్చులు చట్టవిరుద్ధమంది. 2024లో 12 కోట్ల 50 లక్షల డాలర్ల రాజీ ఖరారైంది. పాత వినియోగదారులకు డబ్బు వెనక్కి ఇవ్వడానికి. కోర్టు పేజీల చార్జీల మీద కోర్టులోనే గెలవడం నాకు భలే నచ్చింది. జడ్జీల లిఖిత తీర్పులకు మాత్రం చార్జీ లేదు, ఆ మేరకు మంచిదే.

ఈ బాధకు విరుగుడు కూడా ఉంది. రికాప్ అనే ఉచిత బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్. దాన్ని పెట్టుకున్నవాడు పేసర్‌లో ఏ కాగితం కొన్నా దాని కాపీ కోర్ట్‌లిసనర్ అనే బహిరంగ భండారంలోకి వెళ్ళిపోతుంది, తర్వాతివాడికి ఉచితం. కోంబ్స్ లాంటి పేరున్న కేసులో విలేకర్లు, లాయర్లు ముందే కొనేసి ఉంటారు కాబట్టి ముఖ్యమైన కాగితాలు చాలా అక్కడ దొరుకుతాయి. నిజం చెప్పాలంటే ఈ ఒక్క కేసు కోసమైతే ముందు అక్కడ చూడండి. లేనిదానికే పేసర్‌కి వెళ్ళండి. మా అల్లుడుగారు ఎక్స్‌టెన్షన్ పెట్టిచ్చాక నేను డబ్బు పెట్టి తెరిచినవి కూడా ఇంకొకరికి పనికొస్తున్నాయన్న తృప్తి మిగిలింది.

కొత్తగా చేరేవాళ్ళకు: బాధితుల పేర్ల చోట నంబర్లో మారు పేర్లో ఉంటాయి. అవెవరివో పట్టుకుందామని కూర్చోకండి, కోర్టు దాచింది వాళ్ళ కోసమే. సీలు వేసిన కాగితాలకు ఎంట్రీ మాత్రమే కనబడుతుంది, ఎంత నొక్కినా తెరుచుకోవు. అభియోగ పత్రంతో మొదలుపెట్టి, బెయిల్ ఉత్తర్వు, ఆ తర్వాత రెండు శిక్ష మెమోలు చదివితే చాలు, కేసు ఆకారం తెలుస్తుంది. క్వార్టర్ ముగిసేముందు ఖాతాలో బిల్లు చూసుకోండి. 30 డాలర్లు దాటితే దాటిన భాగానికి కాదు, మొత్తానికీ కట్టాలి. దగ్గరికొచ్చిందనిపిస్తే కొత్త క్వార్టర్ మొదలయ్యే దాకా ఆగండి, లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది.